మా సర్టిఫికెట్‌లో ఉన్న ఆ రెండు మాటలు

సంపాదకులు గారికి,

నమస్కారం. మద్రాసు తెలుగువారి చరిత్ర గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. పిట్టి త్యాగరాయ చెట్టి గారు, పానగల్ రాజా గారు, కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు అందరూ ఉన్నారు. తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అయినా చదివి మడిచి పక్కన పెట్టాక కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. పానగల్ రాజా గారు ముఖ్యమంత్రిగా ఉన్న ఆ శాసనమండలిలోనే, తెలుగువాడు కాని ఒక సభ్యుడు లేచి నిలబడి, తెలుగు జిల్లాల్లో ఊరి బయట బతుకుతున్న జనానికి మర్యాదైన పేరొకటి ఇవ్వమని అడిగాడు. అడిగి సాధించాడు. ఆ పేరు మా ఇంట్లో నాలుగు తరాలుగా ఉంది. మద్రాసు తెలుగువారి కథలో ఆయనకు రెండు వాక్యాల చోటు దొరకకపోవడం నాకు కష్టంగా అనిపించింది. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపికపట్టి చదవండి.

ఆయన ఎం.సి. రాజా గారు. ఆ పేరు 'ఆది ఆంధ్ర'.

నేను పులియంతోపులో పుట్టాను, ఇప్పటికీ అక్కడే ఉంటున్నాను. కార్పొరేషన్ బడుల్లో తెలుగు పాఠాలు చెప్పి 2012లో రిటైరయ్యాను. మా తాత నెల్లూరు వైపు నుంచి బకింగ్‌హాం కాలువ మీద పడవలో వచ్చి, మద్రాసు కార్పొరేషన్‌లో పాకీ పనికి కుదిరాడు. మా నాన్న కూడా అదే పనిలో చేరాడు, ఆ పనిలో ఉండగానే చనిపోయాడు. చీపురు, బకెట్ పట్టని మొదటివాణ్ణి మా ఇంట్లో నేనే.

నిరుడు మా మనవరాలు పన్నెండో తరగతి పూర్తిచేసింది. కాలేజీలో చేరడానికి కుల ధ్రువపత్రం కావలసి వచ్చింది. మా అబ్బాయి పత్రం చూపిస్తే అది చేతిరాతతో ఉన్న పాతది, చాలదన్నారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. బల్ల వెనకనున్న ఆయన కాగితం తిరగేసి, "ఆంధ్ర అని రాసి ఉంది కదా, ఆంధ్రకే వెళ్లి తెచ్చుకోండి" అన్నాడు. పిల్ల ముఖం చిన్నబోయింది. అది నెల్లూరు ఎలా ఉంటుందో కూడా చూడలేదు. ఇంటికి వచ్చాక అడిగింది: "తాతయ్యా, మనం ఎప్పుడు వచ్చాం ఇక్కడికి? ఆది అని ఎందుకు పెట్టారు? ఎవరు పెట్టారు?"

నలభై ఏళ్లుగా ఆ రెండు మాటలూ ఎన్నో దరఖాస్తుల్లో నింపాను. ఎవరు పెట్టారో మాత్రం నేను కూడా అంతకుముందు ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ కార్యాలయంలోని ఆయన అన్న మాట వెనక ఒక నియమం ఉంది. షెడ్యూల్డ్ కులాల జాబితాలతో రాష్ట్రపతి ఉత్తర్వు 1950 ఆగస్టు 10న వెలువడింది. ఆనాటికి ఏ కుటుంబం ఏ రాష్ట్రంలో స్థిరపడి ఉందో ఆ రాష్ట్రపు జాబితాయే ఆ కుటుంబానికి వర్తిస్తుంది. తమిళనాడు జాబితాలో ఆది ఆంధ్ర ఉంది. కాబట్టి మేము 1950కి ముందు నుంచే ఇక్కడ ఉన్నామని చూపించాలి. ఇల్లు లేని మనుషులకు ఇంటి దస్తావేజు ఎక్కడినుంచి వస్తుంది? తాత పనిచేసిన మస్టర్ కాగితాలు ఎవరు దాచారు? చివరికి మా నాన్న చదివిన బడి గుర్తుకొచ్చింది. మూడో తరగతి దాకానే చదివాడు. ఆ బడి ఇప్పటికీ ఉంది. ప్రధానోపాధ్యాయురాలు చాలా మంచి మనిషి. మూడు రోజుల పాటు పాత పెట్టెలు తీయించి, చెదలు తినగా మిగిలిన ప్రవేశ రిజిస్టర్లు వెతికించారు. 1936 నాటి పుస్తకంలో మా నాన్న పేరు దొరికింది. వయసు ఏడు. తండ్రి వృత్తి, కార్పొరేషన్ కూలి. కులం అన్న గడిలో సిరాతో, ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో 'ఆది ఆంధ్ర'.

ఆ గడి మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మా నాయనమ్మను చనిపోయేదాకా ఆ వీధుల్లోని పెద్ద ఇళ్లవాళ్లు పేరు పెట్టి పిలిచింది లేదు. "ఏయ్" అనేవారు, లేకపోతే కులం పేరుతో కేకేసేవారు. అదే కాలంలో, ఆ వీధులకు పక్కనే ఉన్న బడిలో, ఆమె కొడుకు పేరు ఎదుట ఒక గుమాస్తా తిట్టుమాట కాని మాట రాశాడు. ఆ గుమాస్తా మంచివాడా చెడ్డవాడా నాకు తెలియదు. మంచితనంతో పని లేకుండానే ఆ మాట రాయక తప్పని పరిస్థితి అప్పటికి ఏర్పడింది. అది ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలని ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లడం మొదలుపెట్టాను. ఏడాదిగా వెళ్తూనే ఉన్నాను.

1917 నవంబరులో బెజవాడలో ఒక మహాసభ జరిగింది. పిలుపు పంచమ మహాసభ అని. హైదరాబాదు నుంచి వచ్చి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ గారు ఆ మాటే కూడదన్నారు. నాలుగు వర్ణాల లెక్క అయిపోయాక అయిదో లెక్కగా మిగిలినవాళ్లం కాము, ఈ నేలకు మొదటివాళ్లం అన్నారు. పంచమ పేరుతో కూడిన సభ ఆది ఆంధ్ర పేరుతో ముగిసింది. తమిళ జిల్లాల్లో ఆది ద్రావిడ అన్న మాట అప్పటికే వాడుకలో ఉంది. 1916లో ఆది ద్రావిడ మహాజన సభకు కార్యదర్శి అయిన ఎం.సి. రాజా గారు 1883లో మద్రాసు పక్కనున్న పరంగిమలలో (సెయింట్ థామస్ మౌంట్) పుట్టారు. వృత్తికి బడిపంతులు, పిల్లలకు తమిళ పాఠ్యపుస్తకాలు రాసినవారు. ఆ సంగతి చదవగానే నాకు ఆయన మరింత దగ్గరివారయ్యారు. మాటను ఎక్కడ పెట్టాలో బడిపంతులుకు తెలుస్తుంది.

జనం తమ సభలో తాము పెట్టుకున్న పేరు ప్రభుత్వ కాగితం మీదికి దానంతటదే రాదు. కరణం రాయడు, బడి గుమాస్తా రాయడు, పోలీసు రాయడు. 1922 జనవరిలో రాజా గారు మద్రాసు శాసనమండలిలో తీర్మానం పెట్టారు. పంచమ, పరయ అన్న మాటలను ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేయాలి, వాటి స్థానంలో తమిళ జిల్లాల్లో ఆది ద్రావిడ, తెలుగు జిల్లాల్లో ఆది ఆంధ్ర అని వాడాలి అన్నది దాని సారం. సభ ఒప్పుకుంది. తీర్మానం అంటే సిఫారసు మాత్రమే, ప్రభుత్వం పక్కన పడేయవచ్చు కూడా. పడేయలేదు. ఆ ఏడాది మార్చి 25న 817 నంబరు జీవో వచ్చింది. మా నాన్న రిజిస్టరులోని సిరా గీత ఆ జీవో నుంచి బయలుదేరిందే. జనవరి నుంచి మార్చి వరకు రెండు నెలలు. ప్రభుత్వం నడిచే కోటలో నుంచి మా పేట బడికి రావడానికి పద్నాలుగేళ్లు. మా మనవరాలి చేతికి రావడానికి నూరేళ్లు దాటింది.

ఆ తీర్మానంలో నన్ను పట్టి ఆపింది 'తెలుగు జిల్లాల్లో' అన్న ముక్క. రాజా గారు తమిళులు. ఆయన్ను ఆ సభకు నియమించింది అణగారిన వర్గాల తరఫున. అలాంటి సభ్యులు ఆ హాలులో వేళ్లమీద లెక్కించదగినంత మందే. తన భాషవాళ్లకు ఒక పేరు అడిగి కూర్చున్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అందరికీ ఆది ద్రావిడ అనే పెట్టమన్నా అడ్డు చెప్పేవారు కాదేమో. ఆయన అలా చేయలేదు. బెజవాడలో తెలుగు జనం తమకు తాము ఎంచుకున్న మాటను ఉన్నది ఉన్నట్టుగా తీసుకొచ్చి, తన మాట పక్కన సరిసమానంగా నిలబెట్టారు. చట్టసభలో ఒక సభ్యుడు చేయగల పనుల్లో ఇంతకంటే గౌరవమైన పని నాకు తెలియదు.

ఆ రోజుల్లో ఆయన ఎంత ఒత్తిడిలో ఉన్నారో మా పేట చరిత్ర చెబుతుంది. 1921లో పెరంబూరు బకింగ్‌హాం కర్ణాటిక్ మిల్లులో సమ్మె జరిగింది. ఆది ద్రావిడ కార్మికులు చాలామంది పనికి వెళ్లారు. గొడవలు ముదిరి పులియంతోపులో గుడిసెలు తగలబడ్డాయి. రాజా గారు అప్పుడు ఉన్నది జస్టిస్ పార్టీలో. బ్రాహ్మణేతరుల పార్టీ అని పేరున్న ఆ పార్టీ పెద్దలే తప్పంతా ఆది ద్రావిడులదే అన్నట్టు మాట్లాడారు. ఆయన సహించలేదు. 1923లో పార్టీ వదిలిపెట్టారు. మీ వ్యాసంలోని మహానుభావుల్లో కొందరు ఆ పార్టీ స్తంభాలు. వారు చేసిన మేలు చిన్నది కాదు, 1921లోనే ఉద్యోగాల్లో కులాలవారీ వాటా జీవో తెచ్చినవారు. అయినా ఇదీ చెప్పాలి కదా. సగం చెబితే ఆ కాలం అర్థం కాదు.

రాజా గారు ఒంటరివారు కూడా కాదు. 1924లో రెట్టమల శ్రీనివాసన్ గారు అదే మండలిలో మరో తీర్మానం పెట్టారు. ఏ కులంవారైనా ఏ ఊళ్లోనైనా ఏ వీధిలోనైనా నడవవచ్చు, బావి, చెరువు, ప్రభుత్వ కార్యాలయం వంటి నలుగురూ వెళ్లే చోటుకు వెళ్లవచ్చు, అభ్యంతరం ఉండకూడదు అని. దానికీ జీవో వచ్చింది. వీధిలో నడవడానికి తీర్మానం కావలసి వచ్చిందని మా మనవరాలికి చెబితే నమ్మలేదు. నేను వేలు పెట్టి ఆ పేజీ చూపించాను. చదివి, కాసేపు మాట్లాడలేదు.

1927లో రాజా గారు ఢిల్లీ కేంద్ర శాసనసభకు వెళ్లారు, పదేళ్లు ఉన్నారు. అక్కడి రోజుల్లో ఆయన చేసిన ఒక పనితో నాకు ఇప్పటికీ ఏకీభావం లేదు. 1932లో హిందూ మహాసభ నాయకుడు డాక్టర్ మూంజేతో ఒప్పందం చేసుకుని, అణగారిన వర్గాలవారే ఓటు వేసే ప్రత్యేక నియోజకవర్గాలు వద్దు, ఉమ్మడి నియోజకవర్గాల్లో రిజర్వు స్థానాలు చాలన్నారు. అంబేడ్కర్ గారు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఈ విషయంలో నా మనసు అంబేడ్కర్ గారి వైపే. కానీ ఆ ఒక్క ఏడాదిని పట్టుకుని రాజా గారిని మొత్తంగా పక్కన పెట్టేసేవారు మా వాళ్లలోనే ఉన్నారు. వారికి నా మనవి ఒకటే. 1938 కూడా చదవండి.

ఆ ఏడాదిలో ఆయన పెట్టిన బిల్లులు రెండింటి సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. రాజాజీ గారి కాంగ్రెస్ ప్రభుత్వం నడుస్తున్న కాలం. రాజా గారు ప్రతిపక్షంలోని మనిషి. ఒక బిల్లు సాంఘిక నిషేధాల తొలగింపు గురించి. అది నెగ్గి 1938 నాటి మద్రాసు 21వ చట్టమైంది. హరిజనుడన్న ఒక్క కారణంతో ఎవరినీ ఉద్యోగానికి అనర్హులని అనకూడదు, అందరూ వాడే ఏరు, బావి, చెరువు, బాట, బండి వాడకుండా ఆపకూడదు, అలాంటి ఆచారం ఉందని ఎవరైనా వస్తే కోర్టులు దాన్ని అమలు చేయకూడదు. 1922 తీర్మానం, 1924 తీర్మానం సిఫారసులు. ఇది చట్టం. ఉల్లంఘిస్తే శిక్ష ఉంది. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో భాగాన్ని, అందులోని బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అన్న వరుసను దీని పక్కన పెట్టి చదవండి. ఆ మాటలు ఆకాశం నుంచి ఊడిపడలేదని అర్థమవుతుంది. మద్రాసులో వాటికోసం అప్పటికి పాతికేళ్లకు పైగా మనుషులు నిలబడి మాట్లాడారు.

రెండోది ఆలయ ప్రవేశం బిల్లు. మద్రాసు రాష్ట్రమంతటికీ వర్తించేలా పెట్టారు. ఉపసంహరించుకోమని ప్రభుత్వం కోరింది, ముందు మలబారుకు మాత్రం చట్టం చేస్తామంది. రాజా గారు ఒప్పుకోలేదు. ఓడిపోతానని తెలిసే ఓటింగుకు పట్టుబట్టారు. ఓడిపోయారు. తరువాత గాంధీ గారికి ఉత్తరం రాసి తన బాధ చెప్పుకున్నారు. రాజాజీని నమ్మమన్నదే గాంధీ గారి జవాబు. మరుసటి ఏడాది, 1939 జూలై 8న, కాంగ్రెస్ నాయకుడు వైద్యనాథ అయ్యరు గారి వెంట, అప్పటిదాకా గుడిలోకి రానివ్వని కులాల జనం మధుర మీనాక్షి గుడిలో అడుగుపెట్టారు. రాష్ట్రమంతటికీ ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. రాజా గారు 1943లోనే పోయారు. ఓడిపోయిన బిల్లుకు ఊళ్లలో ఎవరూ శిలాఫలకం వేయరు. కానీ ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు అన్నది సభ రికార్డులో అచ్చై మిగిలిపోవాలనే ఆయన పట్టుబట్టారని నేను అనుకుంటాను. మా తరగతిలో తప్పు లెక్కను పిల్లలు చెరిపేయకుండా గీత కొట్టి పక్కన సరైనది వేయమనేవాణ్ణి. ఎక్కడ తప్పిందో తరువాత చూసుకోవాలంటే అది కనబడాలి.

ఇప్పటి మాటకు వస్తాను. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల 18 శాతం రిజర్వేషన్‌లో 3 శాతం అరుంధతియర్లు అనే కులాల సముదాయానికి ప్రత్యేకించింది. ఆ చట్టంలోని ఏడు పేర్లలో ఆది ఆంధ్ర ఒకటి. చెన్నైలో చీపురు పట్టిన ఇళ్ల నుంచి పిల్లలు ఇంజనీరింగుకు, వైద్యానికి వెళ్లడం నేను కళ్లారా చూశాను. రాష్ట్రాలు ఇలా వర్గీకరించవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. నేను ఆ 3 శాతాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ దాని చుట్టూ మా పేట కుర్రవాళ్ల మధ్య పెరుగుతున్న మాటలు వింటే గుండె బరువెక్కుతుంది. వాళ్లు మనది తిన్నారని ఒకరు, వీళ్లు ఇక్కడివాళ్లే కాదని ఇంకొకరు. మా మనవరాలితో "ఆంధ్రకు వెళ్లు" అన్నది కార్యాలయంలోని ఆయన ఒక్కడే కాదు, పక్కవీధి కుర్రవాడూ అన్నాడు. ఆ కుర్రవాడి సర్టిఫికెట్‌లో ఉన్న ఆది ద్రావిడ, మా పిల్ల సర్టిఫికెట్‌లో ఉన్న ఆది ఆంధ్ర, ఒకే మనిషి ఒకే రోజు ఒకే కాగితం మీద అడిగినవి. ఆ సంగతి ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు. మా పిల్లకు కూడా నేను డెబ్బై ఏళ్లు దాటాక గానీ చెప్పలేదు. ఉపాధ్యాయుణ్ణై ఉండి అంతకాలం చెప్పకపోవడం నా లోపమే.

సైదాపేటలో ఎం.సి. రాజా గారి పేరుతో విద్యార్థుల వసతి గృహం ఉంది. ఆ దారిన బస్సులో వెళ్లే తెలుగువాళ్లు ఎంతోమంది. ఆయన మనకేమవుతారో వారికి తెలియాలి.

అయ్యా, మీ పత్రికను ఒకటి కోరుతున్నాను. మద్రాసు శాసనమండలి చర్చల సంపుటాలు ఇంగ్లీషులో, ఎగ్మూరు బీరువాల్లో ఉన్నాయి. వాటిలో మన జనం గురించి జరిగిన చర్చలను తెలుగులోకి తెచ్చి వారానికి అరపేజీ చొప్పున అచ్చువేయండి. వ్యాఖ్యానాలు అక్కర్లేదు. ఎవరు ఏమన్నారు, ఎవరు ఏ పక్షాన ఓటు వేశారు, అంతవరకు చాలు. మన పెద్దలు కాదన్నచోట కాదన్నారనే వేయండి. 1922 జనవరి చర్చతో మొదలుపెడితే బాగుంటుంది. అనువాదం నేను చేసి పెడతాను, పైసా ఇవ్వనక్కర్లేదు. ఇంగ్లీషులో నాకు తట్టని చోట మా మనవరాలు సాయం చేస్తానంది.

దానికి ధ్రువపత్రం వచ్చింది. కాలేజీలో చేరింది. 1936 నాటి రిజిస్టరు పేజీ నకలు ఒకటి తన పుస్తకంలో పెట్టుకుని తిరుగుతోంది. మొన్న రాత్రి అన్నం తింటూ, "ఆ రోజు సభలో రాజా గారి తరువాత ఎవరు లేచారు తాతయ్యా?" అని అడిగింది. పేరు గుర్తులేదు, గురువారం వెళ్లి చూసి చెబుతానన్నాను. మీరు సరేనంటే మొదటి భాగం అదే వారం మీ కార్యాలయానికి తెచ్చి ఇస్తాను. కాగితానికి ఒకవైపే రాస్తాను, దస్తూరి బాగానే ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పులియంతోపు, చెన్నై